ఉప్పల్ పక్కన భూమి చప్పుడు వినేవాళ్లు, అండమాన్‌లో మండే దీవి: బారెన్ ఐలాండ్ చూడాలనుకునే కుటుంబాలకు

నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చే స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ పిల్లలు ఆ పేరు రోజూ వింటుంటారు. కానీ ఆ ప్రహరీ గోడ వెనకాల ఏం జరుగుతుందో చాలా ఇళ్లలో తెలీదు. అది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1961లో మొదలైంది. భూకంపాలు ఎందుకొస్తాయి, నేల అడుగున నీళ్లు ఎక్కడున్నాయి, మన కాళ్ల కింద రాయి ఎంత లోతు దాకా ఉంది అనేవి అక్కడివాళ్ల పని.

మరోవైపు సెలవులొస్తే అండమాన్ పోదామా అనే మాట ఇళ్లలో వస్తుంటుంది. హావ్‌లాక్ బీచ్, సెల్యులార్ జైలు అందరికీ తెలిసినవే. అక్కడికి దగ్గర్లోనే ఒక అగ్నిపర్వతం ఉందని, మన దేశంలో ఇప్పటికీ మండుతున్నది అదొక్కటేనని, దాన్ని ఓడ మీద నుంచి చూడొచ్చని తెలిసినవాళ్లు తక్కువ. దాని పేరు బారెన్ ఐలాండ్. బారెన్ అంటే బంజరు అని అర్థం. అక్కడికి పోయేముందు అది ఏమిటి, ఎందుకు మండుతోంది, ఎంత దగ్గరికి పోవచ్చు, సముద్రంలో ఏం కనబడతాయి, ఓడ మీద నమాజ్ సంగతేమిటి అనేవి తెలుసుకుంటే ఖర్చు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులూ దొరుకుతాయి.

సింధు సంకల్ప్ చూసిన రోజు

2017 జనవరి 23. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన 'సింధు సంకల్ప్' అనే చిన్న పరిశోధన ఓడ బారెన్ దీవి దగ్గర నిలబడి ఉంది. అభయ్ ముధోల్కర్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు సముద్రం అడుగు నుంచి మట్టి నమూనాలు తీస్తున్నారు. వాళ్లు అగ్నిపర్వతం పేలుతుందని వచ్చినవాళ్లు కాదు, వాళ్ల పని మట్టితో. ఉన్నట్టుండి దీవి నోట్లో నుంచి బూడిద లేచింది. ఓడను సుమారు ఒక మైలు దూరానికి తీసుకెళ్లి అక్కడి నుంచి చూడటం మొదలుపెట్టారు.

ఆ అగ్నిపర్వతం ఆగకుండా మండలేదు. ఐదు పది నిమిషాల పాటు ఎగజిమ్మడం, కొంచెం ఆగడం, మళ్లీ ఎగజిమ్మడం. పగలంతా కనబడింది బూడిద మేఘాలే. పొద్దు గుంకాక అసలు రంగు బయటపడింది: నోట్లో నుంచి ఎర్రని లావా ఫౌంటెన్‌లా లేచి వాలు మీదుగా కిందికి పారుతోంది. పగలు కూడా ఆ లావా అక్కడే ఉంది, ఎండ వెలుగులో కళ్లకు ఆనలేదంతే. మూడు రోజుల తర్వాత, జనవరి 26న, బి. నాగేందర్ నాథ్ నాయకత్వంలో రెండో బృందం అదే ఓడలో వచ్చినప్పుడూ అది ఇంకా మండుతూనే ఉంది. వాళ్లు చుట్టుపక్కల నీటిని, అడుగు మట్టిని పట్టుకున్నారు. అందులో బొగ్గు లాంటి నల్లటి ముక్కలు దొరికాయి. అవి అగ్నిపర్వతం ఊసిన రాళ్లే.

ఇది చదివి మనం పోయిన రోజు కూడా ఇలాగే కనబడుతుందని అనుకోవద్దు. ఎక్కువ రోజుల్లో కనబడేది ఒక నల్లటి కొండ, దాని తల మీద సన్నని పొగ, అంతే. కొన్ని రోజుల్లో అదీ ఉండదు. టూర్ ఏజెంట్లు చూపించే ఎర్ర లావా ఫోటోలు ఎప్పుడో ఒకనాడు తీసినవి. ఆ ఫోటో చూసి డబ్బు కట్టి, తర్వాత మోసపోయామని బాధపడేకన్నా ముందే తెలుసుకోవడం మేలు.

మనకు కనబడేది తల మాత్రమే

బారెన్ దీవి పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చింది. జనం నోట్లో ఇంకా పాత పేరే నడుస్తోంది. దీవి అడ్డం మూడు కిలోమీటర్లు, ఎత్తు సముద్ర మట్టం నుంచి సుమారు 354 మీటర్లు. వినడానికి చిన్నదే. కానీ దాని అడుగు రెండు కిలోమీటర్లకు పైగా లోతున, సముద్రపు నేల మీద ఉంది. ఓడ మీద నుంచి చూసేవాళ్లకు కనబడేది ఒక పెద్ద పర్వతం నెత్తి మీది టోపీ మాత్రమే.

దీవి మధ్యలో రెండు కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద గిన్నె లాంటి పల్లం ఉంది. చుట్టూ గోడలా పాత కొండ, పడమటి వైపు ఆ గోడకు గండి. గిన్నె నడుమ కొత్తగా పెరిగిన శంకువు ఆకారపు కొండ ఉంటుంది. లావా బయటికి వస్తే ఆ గండి గుండా సముద్రంలోకి దిగుతుంది. అందుకే ఓడలు ఎక్కువగా పడమటి వైపు నుంచే చూపిస్తాయి.

ఇది మండినట్టు రాతపూర్వకంగా దొరుకుతున్న మొదటి సాక్ష్యం 1787 నాటిది. ఏ అధికారి పేరు మీద పోర్ట్ బ్లెయిర్ వెలిసిందో ఆ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో దీన్ని చూసి రాసుకున్నాడు. 19వ శతాబ్దం మొదట్లోనూ మధ్యలోనూ కొన్నిసార్లు మండి తర్వాత నిద్రపోయింది. ఎంత నిద్ర అంటే చచ్చిపోయిందనుకునేంత. 1991లో లేచి కొన్ని నెలల పాటు లావాను సముద్రం దాకా పారించింది. మళ్లీ 1994–95లో, 2005లో, ఆ తర్వాత మాటిమాటికీ మండుతోంది. 2025 సెప్టెంబరులో కూడా చిన్నగా ఎగజిమ్మింది. వందేళ్లకు పైగా నోరు మూసుకున్న కొండ ఒకరోజు తెరుచుకోవడమే అగ్నిపర్వతాల విషయంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

కుల్ఫీ బండి దగ్గర దొరికే జవాబు

అది అక్కడే ఎందుకు మండుతోంది? హైదరాబాద్‌లో ఎందుకు మండదు?

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉంది. మన దేశాన్ని మోస్తున్న పలక అండమాన్‌కు పడమటి వైపు సముద్రం అడుగున ఇంకో పలక కిందికి వంగి దూరిపోతోంది, గోళ్లు పెరిగేంత నిదానంగా. దూరేటప్పుడు ఊరికే దూరదు. తడిసిన బురదను, నీళ్లు పీల్చుకున్న రాళ్లను తనతో పాటు లోపలికి తీసుకెళ్తుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు పోయాక ఆ వేడికి, ఒత్తిడికి నీళ్లు ఆ రాళ్లను విడిచి పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతాయి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నీళ్లు తగిలితే రాయి చల్లబడాలి కదా, కరగడమేమిటి అంటారు. కుల్ఫీ బండి దగ్గర చూడండి. కుల్ఫీ గడ్డ కట్టాలంటే చుట్టూ ఉన్న ఐసు బాగా చల్లగా ఉండాలి, అందుకని ఆయన ఐసులో ఉప్పు వేస్తాడు. ఉప్పు తగిలిన ఐసు మామూలుగా కరగని చలిలో కూడా కరుగుతుంది. ఉప్పు ఐసును వేడి చేయలేదు, అది కరిగే హద్దును కిందికి దించింది. లోపలి రాతికి నీళ్లు చేసే పనీ అలాంటిదే. మామూలుగా ఆ వేడికి కరగని రాయి నీళ్లు చేరేసరికి కరుగుతుంది. కరిగింది తేలిక కాబట్టి పైకి ఎక్కుతుంది. అది బయటపడే చోటు బారెన్ దీవి.

ఆ దీవి ఒంటరిది కాదు. ఉత్తరాన నార్కొండం, ఇంకా పైన మయన్మార్‌లో పోపా పర్వతం, దక్షిణాన సుమత్రా, జావా అగ్నిపర్వతాలు అన్నీ అదే వరసలో పూసలు.

"అబ్బా, మరి మన మౌలాలీ గుట్ట?" అని నాచారం పిల్లలు అడిగితే జవాబు ఇది. మౌలాలీ గుట్ట అగ్నిపర్వతం కాదు, కానీ అదీ ఒకప్పుడు కరిగిన రాయే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలే, బయటికి రాకుండానే, నిదానంగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో అరిగిపోయాక ఆ గుండ్లు బయటపడ్డాయి. నిదానంగా చల్లారింది కాబట్టే అందులో కంటికి కనబడే పలుకులు, మెరుపులు ఉన్నాయి. బారెన్ లావా సముద్రపు గాలికి చకచకా చల్లారుతుంది కాబట్టి నల్లగా, బెరడులా ఉంటుంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు పోతే నల్లరాయి కనబడుతుంది. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా. హైదరాబాద్ నుంచి రెండు గంటల దూరంలో ఒక పాత లావా ఎడారి ఉందన్నమాట. అనంతగిరి గుట్టల్లో పిక్నిక్ చేసుకునేవాళ్లు కూర్చునేది దాని మీదే.

కర్నూలు వైపున్నవాళ్లకు ఇంకో దగ్గరి సంబంధం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం పేలింది. మనుషులు భూమి మీద ఉన్న కాలంలో జరిగిన అతిపెద్ద పేలుళ్లలో అదొకటి. ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో పడింది, ఇప్పుడది నంద్యాల జిల్లా. జుర్రేరు లోయలో మనిషి ఎత్తుకు మించిన తెల్లటి బూడిద పొర ఇప్పటికీ ఉంది. ఆ పొర కింద, పైన ఆనాటి మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. ఆ పరిశోధన 2007లో ప్రపంచమంతా తెలిసింది. అదే బూడిదను అక్కడివాళ్లు గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్మారు. సుమత్రాలో పేలిన కొండ రాయలసీమ వంటింట్లో గిన్నెలు తోమిందంటే నవ్వొస్తుంది గానీ, ఊరి పేరు జ్వాలాపురం కావడం ఎలా కుదిరిందో ఆశ్చర్యమే.

ఎలా పోవాలి, ఎంత దగ్గరికి

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడ ప్రయాణం ఇష్టమైనవాళ్లకు విశాఖ నుంచి కూడా ఓడలున్నాయి, కానీ అవి తరచుగా ఉండవు, రెండు రోజులకు పైగా పడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో భాష ఇబ్బంది ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. హలాల్ భోజనానికీ కొదవ లేదు. అబర్డీన్ బజారులో జామా మసీదు ఉంది. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు పట్టుకొచ్చిన మాప్పిళ్లల సంతతి దక్షిణ అండమాన్‌లోనే ఉంది. వాళ్లు తమ ఊళ్ల పేర్లే ఇక్కడ పెట్టుకున్నారు, కాలికట్, మన్నార్‌ఘాట్ అని.

బారెన్ దీవికి 2025 అక్టోబరులో అండమాన్ యంత్రాంగం 'ఎం.వి. సింధు' అనే ఓడతో యాత్ర పెట్టింది. రాత్రి హాడో రేవు నుంచి బయల్దేరి, తెల్లవారేసరికి దీవి దగ్గరికి చేరి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చేలా. అంతకుముందు ప్రైవేటు పడవలు, స్కూబా డైవింగ్ వాళ్ల బోట్లే ఎక్కువగా పోయేవి. ఏ ఓడ ఎప్పుడు పోతుందనేది సముద్రం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి. మే నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం, అలలు పెద్దవి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది.

దీవి మీద దిగనివ్వరు. దగ్గరికి పోవాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. 'ఇంత దూరం వచ్చాం, ఐదు నిమిషాలు దిగితే ఏమవుతుంది' అని కొందరు పడవ నడిపేవాళ్లను బతిమాలుతుంటారు. న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్‌లో టూరిస్టులను దించేవాళ్లు. 2019 డిసెంబరు 9న జనం దీవి మీద ఉండగానే అది పేలింది, 22 మంది చనిపోయారు. దిగనివ్వకపోవడం సర్కారు వేధింపు కాదు.

అలల మీద పిల్లలు వాంతులు చేసుకోవడం మామూలే. డాక్టరును అడిగి మాత్ర ముందే వేయించి, కడుపు నిండా బిర్యానీ పెట్టకుండా ఎక్కిస్తే సగం కష్టం తప్పుతుంది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు ఈ ఒక్క యాత్ర మానుకోవడమే మంచిది. నడి సముద్రంలో ఆసుపత్రి ఉండదు.

ఓడ మీద ఫజర్

అండమాన్‌లో గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా ముందు వస్తాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంటే పోర్ట్ బ్లెయిర్ 92.7 మీద ఉంది. తేడా 14 డిగ్రీల పైన, అంటే సుమారు 57 నిమిషాలు. బారెన్ దీవి ఇంకా తూర్పున ఉంది కాబట్టి మరో 4, 5 నిమిషాలు. కాలాన్ని బట్టి కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది గానీ మొత్తం మీద గంట తేడా. హైదరాబాద్ టైంటేబుల్ ఫోన్‌లో పెట్టుకుని పోయినవాళ్లు నిద్ర లేచేసరికి అక్కడ పొద్దు పొడిచి ఉంటుంది, ఫజర్ ఖజా అవుతుంది. రంజాన్‌లో పోతే ఇంకా జాగ్రత్త, సహరీ గంట ముందే ముగుస్తుంది. ఫోన్‌లో లొకేషన్‌ను అక్కడికి మార్చుకోవాలి. నడి సముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి రేవులో ఉండగానే ఆ పని చేసుకోవాలి, లేదా జామా మసీదులో వేళలు రాసుకోవాలి.

ఖిబ్లా హైదరాబాద్‌లో పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. అండమాన్ దగ్గర సుమారు 18 డిగ్రీలు. ఓడ తిరుగుతుంటుంది కాబట్టి దిక్సూచి ఉంటే మంచిది, లేకపోతే ఓడ సిబ్బందిని అడిగితే దిక్కు చెబుతారు. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో, ఒకే చోట 15 రోజులకన్నా తక్కువ ఉండే నియ్యత్ ఉంటే జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు. ఫజర్, మగ్రిబ్ మారవు. ఓడ ఊగి నిలబడలేకపోతే కూర్చుని చదవడం గురించి, నమాజ్ మధ్యలో ఓడ తిరిగితే ఏం చేయాలనే దాని గురించి బయల్దేరే ముందే మీ మసీదు ఇమాం సాహెబ్‌ను అడిగి పోవాలి.

సముద్రంలో, దీవి మీద ఎవరుంటారు

ఇంజను శబ్దానికి ముందు భయపడి ఎగిరేవి ఎగిరే చేపలు. రెక్కల్లాంటి వాజాలు చాపి నీటి మీద గాలిలో జారుతూ పోతాయి. నిజానికి అది ఎగరడం కాదు, తినవచ్చే పెద్ద చేపను తప్పించుకోవడం. డాల్ఫిన్లు అదృష్టం ఉంటే కనబడతాయి. ఓడ ముక్కు దగ్గర నీటి తోపుడును వాడుకుని అవి పని లేకుండానే ముందుకు పోతుంటాయి, పిల్లలు బస్సు వెనకాల వేలాడినట్టు.

బారెన్ చుట్టూ నీళ్లు చాలా తేటగా ఉంటాయి. దీవి గోడలు నిట్టనిలువుగా లోతులోకి దిగుతాయి కాబట్టి ప్రవాహాలు వాటికి తగిలి అడుగు నీటిని పైకి తెస్తాయి. ఆ నీటితో మేత వస్తుంది, మేత వెనక చేపలు. డైవింగ్ చేసేవాళ్లు ఇక్కడ మాంటా రేలను చూస్తుంటారు, దుప్పటి పరిచినట్టుండే పెద్ద చేపలు అవి. లావా చల్లబడిన రాతి మీద పగడాలు పెరుగుతున్నాయి. ఇదే అండమాన్‌లో 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి చాలా పగడాలు తెల్లబోయాయి. అంటే లావా పారిన చోట మళ్లీ పెరగగలిగే ప్రాణికి నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి అలాగే ఉండిపోతే కష్టం. దుగాంగ్ అనే సముద్రపు ఆవు అండమాన్ రాష్ట్ర జంతువు. అది లోతులేని చోట సముద్రపు గడ్డి మేస్తుంది కాబట్టి బారెన్ దగ్గర కనబడదు. మన దేశం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి.

బారెన్ మీద మనుషులు లేరు గానీ మేకలున్నాయి! 19వ శతాబ్దం చివర పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన స్టీమరువాళ్లు వదిలిన మేకల సంతతి అని చెబుతారు. ఓడ పగిలి ఎవరైనా కొట్టుకొస్తే తినడానికి ఉంటాయని ఆ కాలంలో ఇలాంటి దీవుల మీద మేకలను వదలడం అలవాటు. బూడిద వానలు తట్టుకుని అవి బతికాయి. ఆ గుట్ట మీద ఏం తాగి బతుకుతున్నాయనేది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. బక్రీద్‌కు మేక కొనేవాళ్లు ఎవరైనా వాటి గట్టితనాన్ని మెచ్చుకోక తప్పదు.

ఉత్తరాన ఉన్న నార్కొండం కథ వేరు. అది నిద్రపోతున్న అగ్నిపర్వతం, 710 మీటర్ల ఎత్తు, నిండా అడవి. ఆ పేరు 'నరకకుండం' నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. చల్లగా పచ్చగా ఉన్న దీవికి నరకం పేరేమిటని ఆశ్చర్యపోయి, అసలు ఆ పేరు మండే బారెన్‌దే అయి ఉండాలని, నావికులు తారుమారు చేశారని వాళ్ల ఊహ. ఈ దీవి మీద ఒక హార్న్‌బిల్ పక్షి ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. సుమారు వెయ్యి పక్షులు, ఉన్న ఇల్లు 7 చదరపు కిలోమీటర్లు. గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి సన్నని సందు తప్ప మిగతా ద్వారం మూసేసుకుంటుంది. మగపక్షి పండ్లు తెచ్చి ఆ సందులో నుంచి తినిపిస్తుంది. అది రాకపోతే లోపలి కుటుంబానికి తిండి లేనట్టే. 2012లో ఈ దీవి మీద రాడార్ పెట్టాలన్న ప్రతిపాదనను ఆనాటి పర్యావరణ మంత్రి జయంతి నటరాజన్ ఈ పక్షి కోసమే ఒప్పుకోలేదు. దేశ రక్షణ ముఖ్యమా, పక్షి ముఖ్యమా అని అప్పుడు వాదన నడిచింది. ఇలాంటి ఇరుకు దీవి మీద ఒక్క రోడ్డు వేసినా దాని లెక్క వేరుగా ఉంటుందని ఒప్పుకోవాలి.

టూరిస్టులు చేయగలిగిన చెడు చిన్నదిగా కనిపిస్తుంది. తీరం మీద దొరికిన పగడపు ముక్క బాగుందని బ్యాగులో వేసుకుంటారు. చచ్చిన పగడమైనా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు, దొరికితే కేసు. పిల్లలకు ఈ మాట బీచ్ మీదే చెప్పాలి.

కాలాపానీ, హైదరాబాద్

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ భవనం ఇప్పటికీ కోఠిలో మహిళా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపేశారు. మౌల్వీ సాహెబ్‌కు యావజ్జీవ శిక్ష వేసి అండమాన్ పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. చాలామంది ఆయన సెల్యులార్ జైలులో ఉన్నారనుకుంటారు. ఆ జైలు కట్టడం పూర్తయింది 1906లో. మౌల్వీ సాహెబ్ తరంవాళ్లకు గోడలు కూడా అక్కర్లేకపోయాయి, చుట్టూ సముద్రమే జైలు. అల్లామా ఫజ్లే హఖ్ ఖైరాబాదీ కూడా అలాగే వచ్చి 1861లో అక్కడే చనిపోయారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన సమాధి దగ్గర ఫాతిహా చదివి వచ్చేవాళ్లున్నారు. బారెన్ ఓడ ఎక్కే ముందు ఒక పూట దీనికి కేటాయించవచ్చు.

హైదరాబాద్ నుంచి కాపలా

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చిన భూకంపంతో అండమాన్ నికోబార్ దీవులే కదిలిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది, పోర్ట్ బ్లెయిర్ సుమారు ఒక మీటరు దిగింది, ఉత్తర అండమాన్‌లో తీరం పైకి లేచింది. తర్వాత ఆ కదలికను జీపీఎస్ పరికరాలతో కొలిచినవాళ్లలో ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలున్నారు. దీవులు పక్కకు మీటర్ల లెక్కన జరిగాయని తేలింది. ఐదు నెలలకు, 2005 మేలో, బారెన్ మండింది. భూకంపమే దాన్ని లేపిందని కొందరంటారు. ఒకటి తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని తేలిపోదు. కానీ అనుమానించడానికి చోటుంది.

ఆ రోజు సునామీ వస్తోందని చెప్పేవాళ్లు మన సముద్రంలో ఎవరూ లేరు. దీవుల్లోనూ, తమిళనాడులోనూ, ఆంధ్ర తీరంలోనూ వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 2007లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని ఊళ్లో సముద్రపు కాపలా అని జోకులేస్తారు గానీ, సునామీ వస్తే కాపలాదారు ముందే కొట్టుకుపోకూడదు కదా. భూకంపం వచ్చిన కొన్ని నిమిషాల్లోనే దాని చోటు, తీవ్రత లెక్కగట్టి, సముద్రం అడుగునున్న పరికరాలు, తీరాల్లోని అలల కొలమానాలు చూసి హెచ్చరిక పంపుతారు.

అగ్నిపర్వతం విషయంలో ఈ పద్ధతికి ఒక సందు మిగులుతుంది. 2018 డిసెంబరు 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటావ్ దీవి ఒక పక్క కూలి సముద్రంలో పడింది. పెద్ద భూకంపం ఏదీ రాలేదు, అందుకే హెచ్చరికా రాలేదు. 400 మందికి పైగా చనిపోయారు. బారెన్ కూడా నిట్టనిలువు గోడలతో లోతైన నీటిలో నిలబడ్డ దీవే, అదే వరసలోనిది. దాని గోడ రేపే కూలుతుందని ఎవరూ అనడం లేదు. కానీ దాని మీద ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి, ఆ కన్ను వేసేవాళ్లకు పరికరాలు, డబ్బు, మనుషులు కావాలి. అండమాన్‌లో లక్షల మంది ఉన్నారు, వాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నారు.

తీరంలో ఉన్నప్పుడు నేల నిలబడలేనంతగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఫోన్‌లో మెసేజి వచ్చేదాకా ఆగొద్దు. సామాను వదిలేసి పిల్లల చేయి పట్టుకుని ఎత్తు వైపు నడవాలి, మొదటి అల పోయిందని కిందికి దిగకూడదు, అధికారులు చెప్పేదాకా పైనే ఉండాలి. 2004లో పాత తరాల మాట గుర్తుపెట్టుకుని ముందే ఎత్తుకు చేరిన ఆదివాసీ తెగలు చాలావరకు బయటపడ్డాయి.

ఈ యాత్రకు ఇప్పుడే డబ్బు, సెలవు కుదరనివాళ్లకు ఇంటి దగ్గర్లో ఒక దారి ఉంది. ఏటా సెప్టెంబరు 26న సీఎస్ఐఆర్ స్థాపక దినం, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం వస్తాయి. ఆ సందర్భాల్లో తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ రోడ్డులోని ల్యాబులు స్కూలు పిల్లలకు తలుపులు తెరుస్తుంటాయి. నాచారంలో ఏ స్కూలు టీచరైనా ముందే కనుక్కుని ఉత్తరం రాస్తే పిల్లలను తీసుకెళ్లవచ్చు. మెట్రోలో ఉప్పల్ నుంచి రెండు స్టేషన్ల దూరం.